పన్నెండు మాటల్లో మూడు తప్పులు

మా అక్క కూతురు పైచదువుకి దరఖాస్తు పెట్టుకుంటోంది. తన గురించి తాను రాసుకున్న వ్యాసాన్ని మొన్న రాత్రి నా ఫోన్‌కి పంపి, 'పిన్నీ, ఒకసారి చూసిపెట్టవా, తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పు' అని కింద రాసింది. మొదటి వాక్యం ఇదీ: 'ఐ యామ్ వన్ ఆఫ్ ది మోస్ట్ హార్డెస్ట్ వర్కింగ్ స్టూడెంట్ ఆఫ్ మై కాలేజ్.' వేళ్ల మీద లెక్కపెట్టాను. 12 మాటలు. అందులో 3 తప్పులు.

ఈ పిల్లకి ఇంగ్లీషు రాదంటే నేను ఒప్పుకోను. నాలుగేళ్లు ఇంజినీరింగ్ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చదివింది, పరీక్షలన్నీ ఇంగ్లీషులోనే రాసింది. ఆ మూడు తప్పులూ చదువు తక్కువై వచ్చినవి కావు, తెలుగులోంచి నడిచివచ్చినవి. ఇంట్లో మనం పోలికలు ఎలా చెప్పుకుంటామో ఆ అలవాటే ఇంగ్లీషు వాక్యంలోకి దూరింది. ఉద్యోగ దరఖాస్తుల్లో, షాపు బోర్డుల మీద, సినిమా పోస్టర్ల మీద 'మోస్ట్ హార్డెస్ట్' లాంటి జంటలు రోజూ కనపడేది అందుకే.

తెలుగులో మూడు ఇళ్ల గురించి చెప్పాలనుకోండి. 'పెద్ద ఇల్లు', 'దానికన్నా పెద్ద ఇల్లు', 'అన్నిటికన్నా పెద్ద ఇల్లు' అంటాం. మూడు చోట్లా 'పెద్ద' చెక్కుచెదరలేదు. ఎక్కువ తక్కువలు తేల్చే పనంతా పక్కనున్న 'కన్నా' చూసుకుంది. ఇంగ్లీషులో అవే మూడు ఇళ్లకి 'బిగ్', 'బిగ్గర్', 'బిగ్గెస్ట్' అని మాట తనే రూపు మార్చుకుంటుంది. బడిలో మనచేత వల్లెవేయించిన మూడు డిగ్రీలు ఇవే: పాజిటివ్, కంపారిటివ్, సూపర్లేటివ్. వల్లెవేశాం గానీ, మన చెవికి 'బిగ్గెస్ట్'లో 'అన్నిటికన్నా' అన్నది వినపడదు. అది విడిగా ఓ మాటై పక్కన నిలబడితే తప్ప పోలిక పూర్తయినట్టు అనిపించదు. అందుకని 'మోస్ట్'ను పిలిచి పక్కన కూర్చోబెడతాం. 'మోస్ట్ హార్డెస్ట్', 'మోస్ట్ బెస్ట్', 'మోర్ బెటర్' అన్నీ ఇలా పుట్టినవే. తెలుగులో చెబితే ఇది 'అన్నిటికన్నా అన్నిటికన్నా కష్టమైన' అన్నట్టు.

సూపర్లేటివ్‌కి గుర్తులు రెండున్నాయి. ఒకటి మాట చివర తగిలే 'ఎస్ట్', ఇంకోటి మాట ముందు నిలిచే 'మోస్ట్'. ఒక మాటకి రెంటిలో ఒకటే. ఏ మాటకి ఏది అన్నది 1, 2, 3 అనే అంకెల మీద నడుస్తుంది. అంకె అంటే సిలబుల్స్ లెక్క. ఇక్కడే మన పిల్లలు ఇబ్బంది పడతారు, ఎందుకంటే ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి సిలబుల్స్ లెక్కపెట్టడం కష్టం. తెలుగు లిపి వచ్చినవాళ్లకి మాత్రం ఇది చేతిలో పని. మాటను తెలుగులో రాసి, పొల్లు అక్షరాలను వదిలేసి, మిగిలినవి లెక్కపెట్టడమే. ఛందస్సులో గణాలు కట్టేటప్పుడు పొల్లును విడిగా లెక్కించం కదా, అదే పద్ధతి.

'స్మార్ట్' అని రాస్తే 'స్మా' ఒక్కటే నిండు అక్షరం, 'ర్ట్' పొల్లు. లెక్క 1. కాబట్టి 'స్మార్టెస్ట్'. 'బ్యూటిఫుల్'లో బ్యూ, టి, ఫు. లెక్క 3. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే 'మోస్ట్'. 'ఇంటెలిజెంట్'కి 4, అదీ 'మోస్ట్' వైపే. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. మనం ఇంట్లో 'ఫాస్టు', 'స్మార్టు' అని చివర ఓ ఉకారం తగిలించి పలుకుతాం. దాన్ని లెక్కలో వేసుకుంటే 1 కాస్తా 2 అయిపోతుంది. ఆ ఉకారం మనది, ఇంగ్లీషుది కాదు.

చిక్కంతా 2 దగ్గరుంది. 'హ్యాపీ', 'ఈజీ', 'బిజీ' లాగా చివర ఈకారం పలికితే 'ఎస్ట్' చేరుతుంది: 'హ్యాపియెస్ట్', 'ఈజియెస్ట్'. 'సింపుల్', 'నారో', 'క్లెవర్' లాంటివాటికి ఎక్కువగా 'ఎస్ట్' వాడతారు, 'మోస్ట్' పెట్టినా ఎవరూ తప్పనరు. 'ఫేమస్', 'మోడర్న్', 'యూస్‌ఫుల్' లాంటి మిగతా రెండక్షరాల మాటలకి 'మోస్ట్' పెట్టుకుంటే ఏ చిక్కూ లేదు. ఇక దారి తప్పే మాటలు కొన్ని ఉంటాయి. 'టైర్డ్', 'బోర్డ్' ఒక్క సిలబుల్ మాటలే అయినా క్రియలోంచి వచ్చినవి కాబట్టి 'మోస్ట్ టైర్డ్', 'మోస్ట్ బోర్డ్' అంటారు. 'అన్‌హ్యాపీ'కి మూడున్నా 'అన్‌హ్యాపియెస్ట్' చెల్లుతుంది, దాని లోపల ఉన్నది 'హ్యాపీ'యే కాబట్టి. 'గుడ్'కి 'బెస్ట్', 'బ్యాడ్'కి 'వరస్ట్', 'మచ్'కి 'మోస్ట్', 'లిటిల్'కి 'లీస్ట్' లాంటి పిడికెడు మాటలు ఏ లెక్కకీ అందవు, వాటిని కంఠతా పట్టాల్సిందే.

మా పిల్ల వాక్యానికి ఈ కొలత పెట్టి చూశాను. 'హార్డ్' లెక్క 1, కాబట్టి 'హార్డెస్ట్ వర్కింగ్' సరే. 'హార్డ్‌వర్కింగ్' అని కలిపి ఒకే మాటగా తీసుకుంటే లెక్క 3, కాబట్టి 'మోస్ట్ హార్డ్‌వర్కింగ్' కూడా సరే. ఆమె రెండింటికీ చోటిచ్చింది. రెండు సరైన రూపాలు కలిసి ఒక తప్పయ్యాయి.

ఇలా రెండు గుర్తులూ ఒకే మాట మీద పెట్టడం ఇంగ్లీషువాళ్లు మొదట్నుంచీ తప్పుగా చూశారనుకుంటే పొరపాటు. 1599 నాటి 'జూలియస్ సీజర్' నాటకంలో షేక్‌స్పియర్ తన ఆంటోనీ చేత అలాంటి జంటే పలికించాడు. బ్రూటస్ పొడిచిన పోటు ఎంత కర్కశమైందో చెప్పేటప్పుడు ముందు 'మోస్ట్', వెనక 'ఎస్ట్' రెండూ వాడించాడు. అప్పటి శ్రోతలకి అది బరువు పెంచే మాటే తప్ప తప్పు కాదు. తర్వాత 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు రాసిన చిన్న వ్యాకరణం ఇంగ్లండులో బాగా చెల్లింది. రెండేసి గుర్తులు కూడదని అందులో ఉంది. ఆయన కూడా ఒక్క చోట మినహాయింపు ఇచ్చాడు. బైబిల్ కీర్తనల పాత అనువాదంలో దేవుణ్ణి 'మోస్ట్ హయ్యెస్ట్' అని పిలిచిన చోట, దేవుడి విషయం కాబట్టి అది తగునన్నాడు. అంటే ఈ నియమం వయసు సుమారు రెండున్నర శతాబ్దాలు. అంతకుముందు నాలుగు కాలాలపాటు రెండు గుర్తులూ పక్కపక్కనే బతికాయి. మా పిల్ల రాసిన 'మోస్ట్ హార్డెస్ట్' నాలుగు వందల ఏళ్ల కిందట లండన్‌లో రాసి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. ఇప్పుడు దరఖాస్తు చదివే ప్రొఫెసర్ చూపిస్తాడు, కాబట్టి ఇప్పటి నియమమే పాటించాలి.

ఈ 'ఎస్ట్' మనకి కొత్తదేమీ కాదు. వాతావరణ వార్తల్లో రోజూ వినే 'గరిష్ఠ', 'కనిష్ఠ' అన్న మాటలు చూడండి. శ్రేష్ఠ, జ్యేష్ఠ, బలిష్ఠ కూడా ఆ వరసవే. వాటి చివరి 'ఇష్ఠ', ఇంగ్లీషు 'ఎస్ట్' ఒకే మూలం నుంచి వచ్చిన బంధువులు. సంస్కృతానికి, గ్రీకుకి, లాటిన్‌కి చుట్టరికం ఉందని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన సంగతి ప్రసిద్ధమే. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబంలోదే. మన తెలుగు మాత్రం ఆ ఇంటి పిల్ల కాదు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఈ సంగతి ఉదాహరణలతో నిరూపించాడు. తెలుగుకి తోబుట్టువులు తమిళం, కన్నడం. అందుకే అచ్చతెలుగు మాటకి తగిలించడానికి 'ఇష్ఠ' లాంటి తోక లేదు, 'కన్నా' ఉంది. సంస్కృతం నుంచి 'గరిష్ఠ'ను తెచ్చుకున్నాం, ఇంగ్లీషు నుంచి 'హయ్యెస్ట్'ను తెచ్చుకున్నాం. ఒకే తోక రెండు దారుల్లో మన ఇంటికొచ్చింది, రెండు సార్లూ అతిథిగానే.

అతిథి కాబట్టి దాని బలం మనకి సరిగా తెలియదు. 'ఉత్తమ' అంటేనే అన్నిటికన్నా పైది అని అర్థం. అయినా దానికి 'అతి' చేర్చి 'అత్యుత్తమ' అంటాం, 'సర్వ' చేర్చి 'సర్వోత్తమ' అంటాం. సంస్కృతంలోనూ 'శ్రేష్ఠ'కి మళ్లీ 'తమ' చేర్చిన 'శ్రేష్ఠతమ' యజుర్వేదం నాటికే ఉంది. ఇంగ్లీషులోనైతే 'ఫోర్‌మోస్ట్' అన్న మాట కడుపులో రెండు సూపర్లేటివ్‌లు దాక్కుని ఉన్నాయి. పాత ఇంగ్లీషులో 'ఫోర్మ' అంటేనే మొదటిది. ఆ అర్థం జనం మరిచిపోయాక దానికి మళ్లీ 'ఎస్ట్' తగిలించారు, ఆ తర్వాత చెవికి 'మోస్ట్' లాగా వినిపించి అలాగే స్థిరపడింది. మనం తెలుగులోనే కలిపేసుకున్న 'ఫస్ట్', 'లాస్ట్', 'నెక్స్ట్' మూడూ పాత సూపర్లేటివ్‌లే. 'లాస్ట్' అంటే లేట్‌లోకెల్లా లేట్, 'నెక్స్ట్' అంటే దగ్గరల్లోకెల్లా దగ్గర. లాస్ట్ బస్సు అనే కండక్టరు, నెక్స్ట్ అని పిలిచే డాక్టరు గారి కాంపౌండరు రోజూ సూపర్లేటివ్ వాడుతున్నారన్నమాట, అదీ తప్పు లేకుండా.

మా పిల్ల రెండో తప్పు 'వన్ ఆఫ్ ది... స్టూడెంట్'. ఉండాల్సింది 'స్టూడెంట్స్'. దీనికి తెలుగును తప్పుపట్టలేం, తెలుగు సరిగ్గానే చెబుతుంది. 'మంచి విద్యార్థుల్లో ఒకరు' అంటాం, 'మంచి విద్యార్థిలో ఒకరు' అని చిన్నపిల్లలు కూడా అనరు. తెలుగు వాక్యం ముందు గుంపును చూపిస్తుంది, తర్వాత అందులోంచి ఒకరిని ఎంచుతుంది. ఇంగ్లీషు వాక్యం ముందే 'వన్' అనేస్తుంది. 'వన్' వినగానే మనసు ఏకవచనంలో పడిపోతుంది, నాలుగు మాటల తర్వాత గుంపు సంగతి రావాల్సిన చోటికి దాన్ని మరిచిపోతాం. అందుకని ఇక్కడ అడ్డదారి ఒకటే: వాక్యాన్ని ఓసారి తెలుగులో అనుకోవడం. 'విద్యార్థుల్లో' అన్నప్పుడు వినిపించే ఆ బహువచనమే ఇంగ్లీషులో 'స్టూడెంట్స్' చివరి 'ఎస్'. క్రియ మాత్రం ఒకరినే చూస్తుంది: 'వన్ ఆఫ్ ది బెస్ట్ స్టూడెంట్స్ ఈజ్', 'ఆర్' కాదు.

మూడోది 'ఆఫ్ మై కాలేజ్'. దీనికి మాత్రం నేరుగా తెలుగుదే బాధ్యత. 'ముగ్గురిలో పెద్దవాడు', 'ఊళ్లో పెద్దవాడు'. రెండు చోట్లా మనకి 'లో' ఒక్కటే. ఇంగ్లీషు ఆ 'లో'ను రెండుగా చీలుస్తుంది. లెక్కపెట్టగల మనుషులో వస్తువులో అయితే 'ఆఫ్', చోటో సంస్థో అయితే 'ఇన్'. 'ది టాలెస్ట్ ఆఫ్ ది త్రీ', 'ది టాలెస్ట్ ఇన్ ది విలేజ్'. కాలేజీ ఒక చోటు. కాబట్టి 'ఇన్ మై కాలేజ్'.

మూడూ సరిచేశాక వాక్యం 11 మాటలైంది: 'ఐ యామ్ వన్ ఆఫ్ ది హార్డెస్ట్ వర్కింగ్ స్టూడెంట్స్ ఇన్ మై కాలేజ్.' వెంటనే పంపించాను. ఒక్క నిమిషంలో ఫోనొచ్చింది. 'పిన్నీ, అర్థమైంది. ఇంకా ఇలాంటివి ఏమున్నాయో చెప్పు, రెండో పేజీలో చాలా ఉంటాయి' అంది. ఉన్నాయి. వ్యాకరణ పుస్తకాల్లో అంతగా దొరకనివి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి కూడా అవే. ఏ సూపర్లేటివ్ ఏ మాట పక్కన కూర్చుంటుంది అన్న సంగతులు.

మనకి 'ఎక్కువ' అని ఒక్క మాట ఉంది. ఎక్కువ పరుగులు, ఎక్కువ స్కోరు, ఎక్కువ ధర, ఎక్కువ వేగం, ఎక్కువ ఎండ. అన్నిటికీ సరిపోతుంది. ఇంగ్లీషుకి ఒక్కొక్కదానికి ఒక్కొక్క జోడీ కావాలి. క్రికెట్‌తో చెబితే తొందరగా తెలుస్తుంది. ముత్తయ్య మురళీధరన్ 2010లో 800 టెస్టు వికెట్లతో విరమించాడు. 2013లో విరమించేనాటికి సచిన్ టెండూల్కర్ టెస్టు పరుగులు 15,921. టీవీ ముందు కూర్చుని మనమంతా వీటిని 'హయ్యెస్ట్ వికెట్స్', 'హయ్యెస్ట్ రన్స్' అంటాం. ఇంగ్లీషులో అవి 'మోస్ట్ వికెట్స్', 'మోస్ట్ రన్స్'. అదే 2004లో ఆంటిగ్వాలో బ్రయాన్ లారా కొట్టిన 400 నాటౌట్‌ను 'హయ్యెస్ట్ స్కోర్' అంటారు. ఎందుకీ తేడా? వికెట్లు, పరుగులు ఒక్కొక్కటిగా పోగుపడ్డ రాశి. రాశికి 'మోస్ట్'. స్కోరు రాశి కాదు, నిచ్చెన మీద ఒక మెట్టు. మెట్టుకి 'హయ్యెస్ట్'. ఈ రాశి, మెట్టు తేడా పట్టుబడితే సగం జంటలు వాటంతట అవే సర్దుకుంటాయి. 'మోస్ట్ స్టూడెంట్స్', కానీ 'హయ్యెస్ట్ ర్యాంక్'. 'మోస్ట్ మనీ', కానీ 'హయ్యెస్ట్ శాలరీ'. జీతం డబ్బే కదా అనిపిస్తుంది, కానీ జీతం ఒక అంకె, జేబులోని డబ్బు ఒక రాశి.

కింది వైపూ ఇదే. 1955లో ఆక్లాండ్‌లో ఇంగ్లండు మీద న్యూజిలాండ్ 26 పరుగులకే ఆలౌటైంది. 2020 డిసెంబరులో అడిలైడ్‌లో మన జట్టు ఇన్నింగ్స్ 36 దగ్గర ఆగిపోయింది. వీటిని మనం 'లీస్ట్ స్కోర్' అంటాం. మెట్టు కాబట్టి 'లోయెస్ట్ స్కోర్' లేదా 'లోయెస్ట్ టోటల్' అనాలి. రాశి అయితే మళ్లీ రెండు దారులు. లెక్కపెట్టగలిగితే 'ఫ్యూయెస్ట్': 'ఫ్యూయెస్ట్ మిస్టేక్స్'. లెక్కకి అందకపోతే 'లీస్ట్': 'లీస్ట్ వాటర్'. మనకి తప్పులైనా నీళ్లైనా 'తక్కువ' ఒకటే కాబట్టి, 'ఫ్యూయెస్ట్' మన నోట దాదాపు వినపడదు.

ఎండల సంగతికొద్దాం. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో ఉష్ణోగ్రత 51 డిగ్రీలకి చేరింది. 'హాటెస్ట్ టెంపరేచర్' అని రాయాలనిపిస్తుంది. కానీ వేడి ఉండేది ఎండలో, రోడ్డులో, ఆ రోజులో. ఉష్ణోగ్రత అనేది ఆ వేడిని కొలిచిన అంకె. 51 అన్న అంకెను ముట్టుకుంటే చెయ్యి కాలదు. అంకె పైకి వెళ్తుంది, కిందికి దిగుతుంది, అంతే. కాబట్టి 'హాటెస్ట్ డే', 'హాటెస్ట్ ప్లేస్', కానీ 'హయ్యెస్ట్ టెంపరేచర్'. విచిత్రం ఏమిటంటే మన తెలుగు పత్రికలు ఈ జంటను ఏనాడూ తప్పు రాయలేదు. 'గరిష్ఠ ఉష్ణోగ్రత' అంటారు, 'అత్యంత వేడి ఉష్ణోగ్రత' అని ఎవరూ రాయరు. ధరకీ ఇదే వర్తిస్తుంది: 'చీపెస్ట్ షర్ట్', కానీ 'లోయెస్ట్ ప్రైస్'. 'చీపెస్ట్ ప్రైస్' ఇంగ్లీషువాళ్ల నోట కూడా వింటాం, అయినా జాగ్రత్తగా రాసే చోట అది నిలవదు. వేగం కూడా అంతే. 2003 ప్రపంచ కప్పులో షోయబ్ అక్తర్ ఇంగ్లండు మీద వేసిన బంతి గంటకి 161.3 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. అది 'ఫాస్టెస్ట్ బాల్'. దాని వేగం 'హయ్యెస్ట్ స్పీడ్'. బంతి ఫాస్ట్, వేగం హై.

ఎత్తు దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన అంకె అది. ఇది సముద్రమట్టం నుంచి కొలిచింది, కాబట్టి 'హయ్యెస్ట్'. దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. ఇది నేల నుంచి కొన దాకా కొలిచింది, కాబట్టి 'టాలెస్ట్'. హవాయిలోని మౌనా కియా కొండ సముద్రమట్టానికి 4,207 మీటర్లే పైకి కనిపిస్తుంది, కానీ సముద్రం అడుగున ఉన్న పాదం నుంచి కొలిస్తే 10,000 మీటర్లు దాటుతుంది. అందుకే దాన్ని 'టాలెస్ట్' అనేవాళ్లున్నారు, 'హయ్యెస్ట్' మాత్రం ఎవరూ అనరు. మనకి కొండైనా మేడైనా 'ఎత్తయినది' చాలు. ఇంగ్లీషు, ఎక్కణ్ణించి కొలిచావని అడుగుతుంది.

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. మన దేశంలో గంగ తర్వాత రెండోది. దీన్ని 'సెకండ్ లాంగెస్ట్' అంటే చాలు, మధ్యలో 'మోస్ట్' అక్కర్లేదు. ద్వీపకల్పం వరకే మాట్లాడుకుంటే గోదావరే మొదటిది. అక్కడ 'లాంగర్ దాన్ ఎనీ రివర్' అని రాస్తే గోదావరి తనకన్నా తానే పొడవైనదని చెప్పినట్టవుతుంది, అది కూడా ఆ నదుల్లో ఒకటే కదా. 'ఎనీ అదర్ రివర్' అనాలి. మన 'మరే నదికన్నా'లోని 'మరే' చేసే పనిని అక్కడ 'అదర్' చేస్తుంది.

అసలు సూపర్లేటివ్‌నే దగ్గరికి రానివ్వని మాటలు కొన్ని. 'యునీక్' అంటే ఒకే ఒక్కటి, లాటిన్‌లో ఒకటి అనే అంకెలోంచే పుట్టింది. ఒకటికన్నా ఒకటి ఎక్కువ ఒకటి కాలేదు, కాబట్టి 'మోస్ట్ యునీక్' కుదరదు. 'పర్ఫెక్ట్' అంటే నూటికి నూరు. 'ఆల్‌మోస్ట్ పర్ఫెక్ట్', 'నియర్లీ పర్ఫెక్ట్' అనొచ్చు, నూరుకి దగ్గర్లో ఉండొచ్చు కాబట్టి. నూరు దాటలేం. అయితే 1787 నాటి అమెరికా రాజ్యాంగం తొలి వాక్యంలోనే 'మోర్ పర్ఫెక్ట్' అన్న జంట ఉంది. అది రాసినవాళ్లకి ఇంగ్లీషు రాక కాదు. 'పరిపూర్ణతకి ఇంకాస్త దగ్గరగా' అన్న అర్థంలో రాశారు. దరఖాస్తు రాసే పిల్లలు రాజ్యాంగాన్ని సాక్ష్యం పెట్టుకుని వాదించే బదులు ఆ జంటను వదిలేయడమే నయం.

లాటిన్ నుంచి వచ్చిన సూపర్లేటివ్‌లు మన ఇళ్లలోనే ఉన్నాయి. మ్యాక్సిమం, మినిమం, సుప్రీం, ప్రైమ్, అల్టిమేట్. ఇవన్నీ ఆ భాషలో 'అన్నిటికన్నా' అన్న అర్థాన్ని లోపలే పెట్టుకుని పుట్టినవి. వాటి ముందు 'మోస్ట్' చేరిస్తే 'మోస్ట్ హార్డెస్ట్' కథే మళ్లీ. 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్' లాటిన్ కంపారిటివ్‌లు. అందుకే వాటి పక్కన 'దాన్' నిలవదు, 'టు' నిలుస్తుంది: 'సీనియర్ టు మి బై టూ ఇయర్స్'. ఇక 'సీనియర్ మోస్ట్' సంగతి. ఇది మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడ్డ మాట. 1998లో సుప్రీం కోర్టు ఇచ్చిన అభిప్రాయం ప్రకారం కొలీజియంలో ప్రధాన న్యాయమూర్తితో పాటు నలుగురు సీనియర్ మోస్ట్ న్యాయమూర్తులు ఉంటారు. మన కోర్టుల్లో, సర్కారు ఉత్తర్వుల్లో దీన్ని తప్పనడం నా దృష్టిలో అన్యాయం. విదేశానికి పంపే కాగితంలో మాత్రం 'మోస్ట్ సీనియర్' అని రాయమంటాను, అక్కడివాళ్ల చెవికి అలవాటైంది అదే కాబట్టి.

ఇద్దరే ఉన్నప్పుడు సూపర్లేటివ్ వద్దని ఇంకో నియమం. 'ది బెటర్ ఆఫ్ ది టూ', 'ది బెస్ట్ ఆఫ్ ది త్రీ'. ఇంగ్లీషువాళ్లే మాటల్లో దీన్ని సగంసగం పాటిస్తారు, రాతలో పాటిస్తే మంచిదే.

'చాలా' అన్న మాట గురించి ఇంకొంచెం చెప్పాలి, అది మన చేత చేయించే తప్పులు అన్నీఇన్నీ కావు. చాలా మంచిది, చాలా మెరుగు, చాలా గొప్ప. దాన్ని మూడు చోట్లా 'వెరీ' చేస్తాం. 'వెరీ గుడ్' సరే. 'వెరీ బెటర్' మాత్రం లేదు, 'మచ్ బెటర్' అనాలి. బెస్ట్ దగ్గర 'బై ఫార్ ది బెస్ట్' అనొచ్చు. 'ది వెరీ బెస్ట్' కూడా ఉంది, కానీ ముందు 'ది' లేకపోతే నిలవదు. ఆ 'ది' కూడా మనకి లేని సరుకే, తెలుగులో దానికి సాటి మాట లేదు కాబట్టి జారిపోతూ ఉంటుంది. 'హి ఈజ్ బెస్ట్ స్టూడెంట్' అని రాస్తాం. 'మై', 'అవర్' లాంటివి ముందుంటే 'ది' అక్కర్లేదు, లేకపోతే కావాలి.

ఇవన్నీ చెప్పేసరికి పదకొండున్నర అయింది. మా పిల్ల రెండో పేజీ తీసి తనే దిద్దుకోవడం మొదలుపెట్టింది, మధ్యమధ్యలో అడుగుతూ. 'హయ్యెస్ట్ మార్క్స్' అని రాసుకున్నాను పిన్నీ, మార్కులు రాశా, మెట్టా అని అడిగింది. రెండూనూ, ఏ పరీక్షకి ఆ పరీక్షలో వచ్చింది మెట్టు కాబట్టి 'హయ్యెస్ట్ మార్క్స్' మన దగ్గర చెల్లుతుంది, 'హయ్యెస్ట్ స్కోర్' అంటే ఎక్కడైనా చెల్లుతుంది అన్నాను. అది మార్చుకుంది. ఆ తర్వాత మొదటి వాక్యం దగ్గరికి మళ్లీ వెళ్లి, ఇంత కష్టపడి దిద్దిన ఆ 11 మాటల్నీ కొట్టేసింది. వాటి బదులు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లో ఎన్ని వారాలు పనిచేసిందో, ఏం తయారుచేసిందో రాసింది. అందులో ఒక్క సూపర్లేటివ్ కూడా లేదు. నాకు ఆ వాక్యమే నచ్చింది.

'ఇంకోసారి మొత్తం చదువుకుని మోస్ట్లీ రేపు పొద్దున పంపించేస్తా' అంది ఫోన్ పెట్టేస్తూ. వెంటనే తనే ఆగి, 'పిన్నీ, ఇప్పుడు మోస్ట్లీ అన్నాను, అదీ తప్పేనా?' అంది.

ఇంగ్లీషులో 'మోస్ట్లీ' అంటే ఎక్కువ భాగం అని. 'మోస్ట్లీ రేపు పంపిస్తా' అంటే సగానికి పైగా రేపు, మిగతాది ఇంకెప్పుడో అని వినపడుతుంది వాళ్లకి. మనం అనుకునే 'బహుశా'కి అక్కడ 'ప్రాబబ్లీ' ఉంది, 'మోస్ట్ లైక్లీ' ఉంది. ఆ మాటే చెప్పి, నాతో మాట్లాడేటప్పుడు మోస్ట్లీయే అను, వాళ్లకి ఈమెయిల్ రాసేటప్పుడు మాత్రం మార్చుకో అన్నాను.

'సరే పిన్నీ, మోస్ట్ లైక్లీ రేపు ఎనిమిదింటికి' అని పెట్టేసింది.